సైకిలు ఇరుసు: సవ్యాపసవ్యాలు



ఛందస్సు గురించో, ప్రబంధాల గురించో వ్రాయవలసిన తెలుగు పంతులు సైకిలు ఇరుసు గురించి వ్రాయడమేమిటని మీకు తోచవచ్చు. పోయిన వానాకాలంలో ఆ ఇరుసు నన్ను మూడు రోజులు ముప్పుతిప్పలు పెట్టింది. దాని మీద నాకొక అభిప్రాయం స్థిరపడింది. పాత సైకిలును ఉంచుకొన్న ప్రతివారూ దాని ఇరుసును ఇంట్లో తామే బిగించుకొనడం నేర్చుకోవాలి. నేర్చుకొంటే సరిగా నేర్చుకోవాలి. సగం నేర్చి చేయి పెట్టడం కంటె అసలు పెట్టకపోవడమే మేలు. ఈ చివరి మాటకు నా సైకిలే సాక్షి.

ఆ సైకిలును 1986లో కొన్నాను. భాషాప్రవీణ ముగించి, పండిత శిక్షణ పూర్తిచేసి, కృష్ణా డెల్టాలో ఒక కాలువగట్టు ఊరి ఉన్నత పాఠశాలలో చేరిన కొత్త. రోజూ పోను ఏడు, రాను ఏడు కిలోమీటర్లు. నాట్ల కాలంలో గట్టంతా బురద. ఉద్యోగం నుండి విరమించిన తరువాత కూడా పొద్దుటి పాలకు, సాయంకాలం గ్రంథాలయానికి అదే వాహనం. ఇంట్లో స్కూటరున్నా నా కాళ్ళు దీనికే అలవాటుపడ్డాయి.

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఎడమ పాదం కిందికి దిగినప్పుడల్లా టిక్కుమని చప్పుడు మొదలైంది. పెడలేమో అనుకొన్నాను, కాదు. గొలుసేమో అనుకొన్నాను, కాదు. తరువాత తెలిసిన పరీక్ష చాలా తేలికైనది. సైకిలును గోడకు ఆనించి, ఎడమ క్రాంకు కొనను పట్టుకొని పక్కకు ఊపి చూడాలి. ఆ క్రాంకు ఒక్కటే కదిలితే దానిని ఇరుసుకు బిగించే కాటరు పిన్ను వదులైనట్లు. దానితోపాటు కుడి క్రాంకు కూడా కదిలితే లోపల ఇరుసే వదులైనట్లు. నాకు రెండూ కదిలాయి.

ఒకప్పుడు మా వీధిలో మూడు సైకిలు దుకాణాలుండేవి. ఇప్పుడు ఉన్నది ఒక్కటి, అదీ గేర్ల సైకిళ్ళు అమ్మేది. అక్కడి కుర్రవాడు నా బండిని ఆ చివర నుండి ఈ చివరకు చూసి, "తాతగారూ, వీటిని చేసేవాళ్ళు లేరండీ. తూకానికి ఇచ్చేయండి" అన్నాడు. అతడి మాటలో అవమానమేమీ లేదు. ఉన్నది చెప్పాడు. కాని నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చక్రాలు బాగున్నాయి, ఫ్రేము బాగున్నది, సీటు మొన్ననే మార్చాను. గుప్పెడు ఉక్కు గుండ్లు అరిగినంత మాత్రాన ముప్పయి తొమ్మిదేళ్ళ సైకిలు ఇనప తుక్కులోకి పోవలసినదేనా?

మర్నాడు నేనే విప్పాను. అక్కడే తప్పులు జరిగాయి.

ఆ తప్పులు అర్థం కావాలంటే నిర్మాణం తెలియాలి. సీటు కింది గొట్టం, ముందు నుండి దిగే గొట్టం, వెనుక చక్రానికి పోయే రెండు సన్నని గొట్టాలు కలిసే చోట ఒక పొట్టి అడ్డగొట్టం ఉంటుంది. దాని రెండు నోళ్ళలోనూ లోపలి వైపు మరచుట్లు ఉంటాయి. వాటిలోకి ఇటొకటి అటొకటి రెండు ఉక్కు కప్పులు ఎక్కుతాయి. కప్పులలో గుండ్లు, గుండ్ల మీద ఇరుసు, ఇరుసు కొనలకు క్రాంకులు. ఈ మొత్తానికి అంగడిలో బాటమ్ బ్రాకెట్ అని పేరు, మేస్త్రీల నోట బీబీ. దీనికి 'అధోనాభి' వంటి పేరొకటి పెట్టాలని నా పండితబుద్ధి ఉవ్విళ్ళూరింది గాని, ఆ పేరుతో ఏ కొట్లో అడిగినా సామాను దొరకదు. కనుక మేస్త్రీల మాటే నాకు ప్రమాణం.

ఎడమ కప్పు సర్దుబాటు కప్పు. దాని పైన లాకు రింగు ఉంటుంది. లోకంలోని మామూలు మరలన్నిటివలె గడియారపు ముల్లు దిశలో తిప్పితే బిగుస్తుంది, ఎదురు తిప్పితే వదులవుతుంది. కుడి కప్పు, అంటే గొలుసు వైపుది, స్థిరమైన కప్పు. దానికి ఎడమ మర. గడియారపు ముల్లు దిశలో తిప్పితే వదులవుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. మన నల్ల సైకిళ్ళు అనుసరించేది ఈ బ్రిటిష్ పద్ధతినే.

వ్యాకరణంలో సామాన్య సూత్రాన్ని ఉత్సర్గమంటాము, దానిని బాధించే ప్రత్యేక సూత్రాన్ని అపవాదమంటాము. అపవాదం ఉన్నచోట ఉత్సర్గం చెల్లదని ముప్పయి ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పినవాడిని. ఆ నేనే కుడి కప్పుకు పానా పెట్టి, మామూలు మర విప్పినట్లు విప్పబోయాను. రాలేదు. తుప్పు పట్టిందనుకొని పానాకు ఒక గొట్టం తొడిగి, బలమంతా ఉపయోగించాను. నేను విప్పుతున్నాననుకొంటూ గంటసేపు దానిని ఇంకా బిగించాను. చివరకు పానా జారి, కప్పు అంచు అరిగిపోయి, నా మణికట్టు చెక్కుకుపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. మన పాఠ్యపుస్తకాలలో గడియారపు దిశను సవ్యదిశ అనీ, ఎదురు దిశను అపసవ్యదిశ అనీ వ్రాస్తారు. తెలుగులో సవ్యంగా అంటే సక్రమంగా అని అర్థం. కాని సంస్కృతంలో సవ్యమంటే ఎడమ. ఎడమచేతితోనూ బాణం వేయగలవాడు గనుకనే అర్జునుడు సవ్యసాచి. ఈ కుడి కప్పు దగ్గర ఆ రెండర్థాలూ కలిసి వస్తాయి. ఎడమ వైపుకు తిప్పడమే దానికి సక్రమం.

ఎందుకలా చేశారు? ఒక పెన్సిలును గుప్పిట్లో వదులుగా పట్టుకోండి. దాని పై కొనను రెండో చేతితో గుండ్రంగా, గడియారపు దిశలో త్రిప్పండి. గుప్పిట్లోని పెన్సిలు తన చుట్టూ తాను ఎదురు దిశలో దొర్లడం మీకు తెలుస్తుంది. కప్పు విషయంలోనూ అంతే. ఎంత బిగువుగా ఉన్నా కప్పుకూ అడ్డగొట్టానికీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉంటుంది. తొక్కేటప్పుడు గుండ్ల మీది ఒత్తిడి కప్పు చుట్టూ ప్రయాణిస్తూ ఉంటే, కప్పు ఇరుసు తిరిగే దిశకు ఎదురుగా మెల్లమెల్లగా దొర్లజూస్తుంది. కుడివైపు నుండి చూస్తే ఇరుసు గడియారపు దిశలో తిరుగుతుంది, కనుక కప్పు ఎదురు దిశలో పోజూస్తుంది. అక్కడ మామూలు మర ఉంటే నాలుగు నెలలలో ఊడి రావచ్చు. ఎడమ మర ఉండబట్టి తొక్కినకొద్దీ బిగుసుకొంటుంది. ఇటలీ పద్ధతి సైకిళ్ళలో రెండు వైపులా మామూలు మరలే, కప్పు వ్యాసం 36 మిల్లీమీటర్లు. వాటిలో కుడి కప్పును చాలా గట్టిగా బిగించకపోతే వదులవుతుందని పేరు. పెడళ్ళ దగ్గర మళ్ళీ వరుస తారుమారు. అక్కడ ఎడమ పెడలుకే ఎడమ మర. ఒకటి తెలుసును గదా అని రెండవదానికి అన్వయించుకోరాదు.

ఇక నా రెండవ తప్పు. కుడి కప్పును వదిలేసి, ఎడమవైపు విప్పి, గుండ్లు మార్చి, గ్రీజు పెట్టి, ఎడమ కప్పును తిరిగి ఎక్కించాను. కొంచెం వాలుగా పట్టింది. చేత్తో తిరగకపోతే పానాతో తిప్పాను. బిగువుగా వెళుతుంటే సంతోషించాను కూడా. అది బిగువు కాదు. ఉక్కు కప్పు అడ్డగొట్టపు మరలను అడ్డంగా కోసుకొంటూ పోతున్నది. బ్రిటిష్ కొలతలో అంగుళానికి 24 చుట్లు. ఒక్కొక్క చుట్టు ఒక మిల్లీమీటరు కంటె కాస్త ఎక్కువ. అంత సన్నని మరకు కప్పు కొద్దిగా వాలినా చాలు, ఒక చుట్టు మీది నుండి పక్క చుట్టు మీదికి ఎక్కిపోతుంది. కప్పు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. అడ్డగొట్టం ఫ్రేములో భాగం. అది పాడైతే సైకిలు పోయినట్లే.

పక్క ఊళ్ళో ఒక పాతకాలపు మేస్త్రి ఉన్నాడని తెలిసి, రిక్షాలో వేసికొని వెళ్ళాను. ఆయన కప్పు విప్పి, వేళ్ళకంటిన ఇనప రజను నాకు చూపించాడు. టార్చి వేసి లోపల కుడి కప్పును చూసి, "ఇది శుభ్రంగా ఉందండీ మాస్టారూ. దీన్నెందుకు కదిలించబోయారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. మరలు తీసే ట్యాపుతో అడ్డగొట్టం నోటిని మళ్ళీ సరిచేశాడు. మొదటి రెండు చుట్లు పోయాయి, మిగిలినవి దక్కాయి. "ఈసారికి బతికిందండీ. ఇంకోసారి ఇట్టా బిగిస్తే ఫ్రేము మార్చాల్సిందే" అన్నాడు. తరువాత ఆయన కప్పు ఎక్కించిన తీరు చూశాను. పానా ముట్టుకొనలేదు. రెండు వేళ్ళతో కప్పును పట్టుకొని, ముందుగా వెనక్కి తిప్పాడు.

ఆ వెనక్కి తిప్పడమే ఈ పనికంతటికీ ప్రాణం. ఆయన దగ్గర చూసినదీ, తరువాత ఇంట్లో నేను చేసి సరిచూసుకొన్నదీ క్రమంగా చెబుతాను. గడియారపు దిశ అన్నప్పుడల్లా ఆయా కప్పుకు ఎదురుగా, సైకిలు బయట నిలబడి చూసినట్లు గ్రహించండి. ఏ వైపు నుండి చూసి అంటున్నారో చెప్పని సూచన నాబోటివాడిని గంటసేపు తప్పుదారి పట్టించగలదు.

మొదట క్రాంకులు. కాటరు పిన్ను నట్టును పూర్తిగా తీసివేయక, పిన్ను కొనతో సమంగా వచ్చేదాకా వదులు చేయాలి. అప్పుడు సుత్తి దెబ్బకు పిన్ను మర చితకదు. క్రాంకు కింద ఒక ఇనప గొట్టాన్ని నిలిపి, దాని మీద క్రాంకును ఆనించి, ఒక్క గట్టి దెబ్బ వేయాలి. ఆసరా లేకుండా పది చిన్న దెబ్బలు వేస్తే ఆ అదురంతా గుండ్ల మీద పడుతుంది, పిన్ను మాత్రం వంగుతుంది. కాటరు పిన్ను తెలుగులో చెప్పాలంటే సీల. కీలమనే సంస్కృత పదమే సీల అయింది. 'కీలకం' అన్న మాట కూడా ఆ ఇంటిదే.

తరువాత కింద గుడ్డ పరచి, ఎడమవైపు లాకు రింగునూ, కప్పునూ గడియారానికి ఎదురు దిశలో విప్పాలి. ఇరుసును బయటికి లాగేటప్పుడు దాని రెండు కొనలను కొలిచి చూసుకోండి. పొడవైన కొన గొలుసు వైపుది. తారుమారుగా పెడితే గొలుసు చక్రం ఫ్రేముకు రాసుకొంటుంది.

కిరసనాయిలు గాని, అది దొరకనిచోట డీజిలు గాని తీసికొని, పాత పళ్ళ బ్రష్షుతో మరచుట్లను తళతళలాడేటట్లు కడగాలి. ఫ్రేములో అన్నిటికంటె కిందనున్న భాగమిది. సీటు గొట్టం గుండా దిగిన వాననీరు వచ్చి చేరేది ఇక్కడికే. కప్పులలోనూ, ఇరుసు మీదా గుండ్లు దొర్లే దారిని చూడండి. నున్నగా మెరిసే గీత ఉంటే మంచిది. గుంటలు పడితే ఆ భాగం మార్చాలి. కుడి కప్పు బాగుంటే దానిని ఫ్రేములోనే ఉండనివ్వండి. గుడ్డతో తుడిస్తే చాలు. మార్చక తప్పకపోతే గడియారపు దిశలో విప్పి, కొత్తదానిని ఎదురు దిశలో, బాగా గట్టిగా బిగించాలి. దానికి సరిపడే పానా లేకపోతే ఆ ఒక్క పనినీ మేస్త్రికి వదలడం తెలివైన పని. ఇంట్లో చేయదగినదేదో తెలియడంతోపాటు చేయదగనిదేదో తెలియడం కూడా విద్యలో భాగమే.

గుండ్లు మాత్రం విప్పినప్పుడల్లా కొత్తవి వేయాలి. కాలంగుళం వ్యాసం గలవి, వైపుకు 11 చొప్పున 22. కప్పులో చిక్కగా గ్రీజు పూసి, ఒక్కొక్కటిగా అద్దితే అవి అక్కడే నిలుస్తాయి. పదకొండు పెట్టిన తరువాత కొంచెం ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ చూసి పన్నెండవది ఇరికించకండి. అవి ఒకదానినొకటి ఒరుసుకొనకుండా దొర్లడానికి ఆ చోటు కావాలి.

ఇరుసును పెట్టిన తరువాత ఎడమ కప్పు. మరలకు గ్రీజు రాయండి. కప్పును తిన్నగా ఆనించి, వేళ్ళతో ముందుగా ఎదురు దిశలో, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్కుమని చిన్నగా లోపలికి దిగినట్లు వేళ్ళకు తెలుస్తుంది. కప్పు మరచుట్టు మొదలూ, గొట్టపు మరచుట్టు మొదలూ ఒకదాని పక్కన ఒకటి చేరిన చోటు అది. అక్కడ ఆగి గడియారపు దిశలోకి మళ్ళించండి. మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే వెళ్ళాలి. వెళ్ళకపోతే విప్పి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టండి. పానాను అందుకోవద్దు.

చివరిది సర్దుబాటు. ఇరుసును వేళ్ళతో తిప్పితే గరగరలాడకుండా తిరగాలి, ఊపితే కదలరాదు. ఆ స్థితిలో కప్పును కదలకుండా పట్టుకొని లాకు రింగు బిగించాలి. రింగు బిగించేటప్పుడు కప్పు కొంచెం జరుగుతుంది, కాబట్టి మళ్ళీ చూడాలి. నాకు ఐదుసార్లు పట్టింది. క్రాంకు తొడిగి దాని కొనను ఊపితే వేళ్ళకు తెలియని కదలిక కూడా తెలుస్తుంది. కాటరు పిన్నులు రెండూ ఎదురెదురు దిశల్లో ఉండాలి. ఒకదాని నట్టు పైకి చూస్తుంటే రెండవదానిది కిందికి చూడాలి. లేకపోతే క్రాంకులు ఒకే వరుసలోకి రావు. పిన్నును సుత్తితో దింపి, తరువాతనే నట్టు బిగించాలి. నట్టుతో పిన్నును లాగితే మర తెగుతుంది. నాలుగైదు కిలోమీటర్లు తొక్కి మరొకసారి చూసుకోండి.

ఇప్పటి గేర్ల సైకిళ్ళలో గుండ్లు, ఇరుసు అన్నీ ఒకే మూసిన గొట్టంగా వస్తాయి. దానికి వేరే పనిముట్లు కావాలి. గ్రీజు, సర్దుబాటు గొడవ లేదు. కాని మరలున్న రకమైతే వేళ్ళతో మొదలుపెట్టడం దానికీ తప్పదు. బ్రిటిష్ మరలదైతే కుడివైపు ఎడమ మర దానికీ ఉన్నది.

కొందరు మిత్రులు, అన్నీ మనమే చేసుకొంటే మేస్త్రీల జీవనం ఏమవుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కాని నేను చూసినంతలో మేస్త్రీలు తగ్గినది మనం పని నేర్చుకొనడంవల్ల కాదు, సైకిళ్ళు తగ్గడంవల్ల. వదులైన ఇరుసు కోసం ఒక సైకిలు తుక్కుకు పోతే దాని టైర్లు, బ్రేకులు, చువ్వల పని కూడా మేస్త్రికి పోయినట్లే. ఇంట్లో ఒకసారి చేసి చూసినవాడు ఆ పనికి ఎంత ఓర్పు కావాలో తెలిసి, కూలి దగ్గర బేరమాడడు. ఆ రోజు మేస్త్రి అడిగినదానికి రెట్టింపు ఇవ్వబోతే ఆయన పుచ్చుకొనలేదు. అది వేరే సంగతి.

ఇంకొందరు, ఇదంతా వీడియోలలో ఉన్నది గదా అంటారు. ఉన్నది. నేనూ చూశాను. నాకు దొరికినవి చాలావరకు ఇతర దేశాల సైకిళ్ళవి, కాటరు పిన్ను లేనివి. నేను వెతికినంతలో మన నల్ల సైకిలు గురించి తెలుగులో వరుసగా వ్రాసినది దొరకలేదు. దానికి తప్పు నాబోటి భాషా పండితులదే. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఒక్క మాట ఎక్కువ లేకుండా విధి చెప్పడం ఎలాగో అందులో చదివి నేర్చుకొన్నవాళ్ళం. ఆ విద్యను సంధులకూ సమాసాలకూ పరిమితం చేసి, ఇరుసుకూ సీలకూ పనికిరాదనుకొన్నాము. తరగతిలో చేతికి గ్రీజు మరకతో వచ్చిన పిల్లవాడిని కడుక్కొని రమ్మని పంపానే గాని, ఆ చేతితో ఏమి చేసివచ్చావని నేనెన్నడూ అడగలేదు.

ఇంట్లో ఈ పని చేయడానికి మనకు మేస్త్రి కంటె బలం లేదు, నేర్పు లేదు. తీరిక ఉన్నది. వరుసలో పది బండ్లు ఎదురుచూస్తున్న మేస్త్రికి కప్పును మూడుసార్లు విప్పి మళ్ళీ మొదలుపెట్టే వీలుండదు. మనకుంటుంది. ఆ తీరికను వాడుకొనకుండా నావలె పానాకు గొట్టం తొడిగితే ఇంట్లో చేసుకొని ప్రయోజనం లేదు.

పోయిన ఆదివారం మళ్ళీ విప్పాను. గ్రీజు నల్లబడింది గాని నీరు చేరలేదు. ఎడమ కప్పు మూడున్నర చుట్లు వేళ్ళతోనే వెళ్ళింది. ఆ పోయిన రెండు చుట్ల చోట మాత్రం ఇప్పటికీ కొంచెం తడబడుతుంది.

మీ ప్రాంతాలలో ఈ గుండ్లను, కప్పులను, సీలను మేస్త్రీలు ఏమని పిలుస్తారో తెలిసినవారు వ్రాయండి. ఒకచోట కూర్చి పెట్టుకొంటాను.